ఏ అంకె వెయ్యమంటావు?

కెనడాలో, ఎడ్మంటన్‌లో ఒక ల్యాబులో పని చేసిన రోజుల్లో మా బల్ల కింద ఇరవై లీటర్ల తెల్ల బకెట్లు వరసగా ఉండేవి. మూత తీస్తే గుప్పున తారు వాసన. లోపల చిక్కటి బూడిద రంగు మడ్డి, దాని మీద అక్కడక్కడ నల్లటి జిడ్డు తెట్టె. ఉత్తర ఆల్బర్టాలో ఇసుక నుంచి నూనె పిండుకున్నాక మిగిలేది ఇదే. గనుల వాళ్ళు దీన్ని టెయిలింగ్స్ అంటారు. నాకు మాత్రం మన 'మడ్డి' అన్న మాటే సరిగ్గా అతుకుతుందనిపిస్తుంది. నూనె అడుగున పేరుకునే దానికి మనవాళ్ళు పెట్టుకున్న పేరు కదా.

ఒక రోజు ఒకే బకెట్ నుంచి నాకు మూడు అంకెలొచ్చాయి. బాగా కలిపి, ద్రవాలు ఎలా పారతాయో కొలిచే రియోమీటర్‌లో పోసి, వేగం మారుస్తూ తిప్పి, వచ్చిన గీతను వెనక్కి పొడిగిస్తే ఒకటి. అదే మడ్డిని బీకరులో పోసి, గంటసేపు కదపకుండా ఉంచి, నాలుగు రెక్కల వేన్ దించి మెల్లగా తిప్పితే రెండోది. ఇది మొదటిదానికి దాదాపు రెట్టింపు. ముందురోజు సాయంత్రం పోసి రాత్రంతా వదిలేసిన బీకరులో మూడోది, రెండోదాన్ని కూడా దాటిపోయింది. మూడూ పాస్కల్సే, అంటే ఒత్తిడి కొలతలే. మూడింటికీ పేరు ఒకటే: ఈల్డ్ స్ట్రెస్. ఆగి ఉన్న పదార్థం కదలాలంటే కనీసం ఎంత ఒత్తిడి పెట్టాలి అన్నదాని కొలత.

మా సీనియర్ టెక్నీషియన్ కంప్యూటర్ ముందు కూర్చుని, నా వైపు తిరక్కుండానే అడిగాడు. "ఇక్కడ గడి ఒక్కటే ఉంది. ఏ అంకె వెయ్యమంటావు?"

కొత్తగా చేరినవాణ్ణి. పరికరంలో ఏదో లోపం ఉందనుకుని మూడూ మళ్ళీ కొలిచాను. మళ్ళీ అవే వచ్చాయి. నా కొలతల్లో తప్పు లేదని, గడి ఒక్కటే పెట్టినవాళ్ళ ఆలోచనలోనే తిరకాసు ఉందని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఈ వ్యాసం ఆ గడి మీద ఫిర్యాదు.

ముందు మడ్డి సంగతి. అథబాస్కా నది ఒడ్డున, ఫోర్ట్ మెక్‌మర్రే చుట్టుపక్కల, బిట్యుమెన్ అనే చిక్కటి తారు ఇసుక రేణువులకు పట్టుకుని ఉంటుంది. బరువులో అది పదో వంతు, కాస్త అటూఇటూ. వేడినీళ్ళతో, కాస్త కాస్టిక్ సోడాతో కడిగితే విడివడి పైకి తేలుతుందని 1920ల్లో కార్ల్ క్లార్క్ అనే రసాయన శాస్త్రవేత్త ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో చేసి చూపించాడు. తవ్వి తీసే గనుల్లో ఇప్పటికీ మూలసూత్రం అదే. వ్యాపారం మొదలైంది 1967లో, ఈనాటి సన్‌కోర్ కంపెనీ అప్పటి పేరుతో తెరిచిన గనితో. 1978లో సింక్రూడ్ అనే ఇంకో కంపెనీ వచ్చింది. ఒక్క పీపా నూనెకి సుమారు రెండు టన్నుల ఇసుక కడగాలి. కడిగిన ఇసుకా, మట్టీ, నీళ్ళూ, ఎంత పిండినా వదలని కొంచెం బిట్యుమెన్ కలిసి గొట్టాల్లో చెరువులకు పోతాయి.

ఇసుకతో పేచీ లేదు. గొట్టం నోటి దగ్గరే దిగిపోతుంది, దానితోనే గట్లు కూడా కడతారు. చిక్కంతా 44 మైక్రాన్లకన్నా సన్నని మట్టితో. అది నీటితోపాటు చెరువు నడుమకు పారుతుంది, రెండు మూడేళ్ళు మెల్లగా దిగుతుంది, బరువులో 30 శాతం మట్టి అయ్యేదాకా చిక్కబడి అక్కడ ఆగిపోతుంది. ఆ తర్వాత దశాబ్దాల తరబడి చెప్పుకోదగ్గ మార్పుండదు. అలా ఆగినదాన్ని చాలాకాలం 'పరిపక్వ' మడ్డి అనేవారు. మామిడిపండా ఏమన్నానా, పరిపక్వం కావడానికి? ఈ మధ్య నియంత్రణ పత్రాల్లో ఆ మాట తగ్గి, 'ద్రవరూప సన్న టెయిలింగ్స్' అన్న అర్థం వచ్చే పేరు వాడుతున్నారు. కనీసం ద్రవమని ఒప్పుకున్నారు.

30 శాతం అంటే సగటు చదువరికి చిక్కటి బురద కళ్ళ ముందు మెదులుతుంది. కానీ అది బరువు లెక్క. మట్టి రేణువు నీటికన్నా రెండున్నర రెట్లకు పైగా బరువు కాబట్టి, పరిమాణం లెక్కన చూస్తే మట్టి 14 శాతమే, మిగతా 86 శాతం నీళ్ళే. అయినా బకెట్ వంచితే నీళ్ళలా పారదు. బల్ల మీద ఒక గరిటెడు వేస్తే కొంచెం పరుచుకుని అంచు గుండ్రంగా నిలబడుతుంది. నీళ్ళే ఇంత ఉండి నీళ్ళలా లేకపోవడం ఎలా?

జవాబు మట్టి రేణువుల ఆకారంలో ఉంది. ఈ మట్టిలో ఎక్కువ భాగం కయొలినైట్, ఇల్లైట్. రెండూ గుండ్రటి రేణువులు కావు, పలచటి రేకులు. రేకుల ముఖాల మీద రుణావేశం, అంచుల మీద ఆవేశం నీటి క్షారత్వాన్ని బట్టి మారుతుంది. కాస్టిక్ సోడా వేసినప్పుడు బిట్యుమెన్ ఇసుకను వదిలిపెట్టడమే కాదు, రేకులు కూడా ఒకదాన్నొకటి వదిలి నీళ్ళలో చెదిరిపోతాయి. తర్వాత చెరువులో మెల్లగా, వదులుగా, అడ్డదిడ్డంగా తగులుకుంటాయి. అక్షరాలా పేకమేడ. ఆ మేడ గదుల్లో నీళ్ళు చిక్కుకుంటాయి. మేడ బలహీనమైనదే, వేలితో కదిపితే కూలుతుంది. కానీ వదిలేస్తే మళ్ళీ కట్టుకుంటుంది. నా మూడు అంకెల గుట్టు ఇదే. తిరుగుతున్న రియోమీటర్ కూలిన మేడను కొలిచింది. వేన్ గంటలో లేచిన మేడను కొలిచింది, రాత్రంతా లేచినదాన్ని ఇంకోసారి కొలిచింది. దీన్ని థిక్సోట్రోపీ అంటారు. పేరు వచ్చింది 1920ల్లో. విషయం కుండలు చేసేవాళ్ళకి అంతకు వేల ఏళ్ళ ముందే తెలిసుంటుంది.

మరి ఆ నీళ్ళు ఎందుకు బయటికి రావు? వస్తాయి. రేణువుల మధ్య సందులు మైక్రాన్ల లెక్కలో ఉండగా, ఆ సందులగుండా మీటర్ల ఎత్తు పైకి పాకాలి. దీనికొక క్రూరమైన లెక్కుంది: మందం రెట్టింపయితే పట్టే కాలం నాలుగు రెట్లు. నలభై మీటర్ల చెరువుకి ఆ లెక్క వేస్తే శతాబ్దాలు వస్తాయి. ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో 1982లో పది మీటర్ల ఎత్తు గొట్టాలు నిలబెట్టి, వాటిని మడ్డితో నింపి, ముప్పై ఏళ్ళపాటు గమనించారు. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇది. పెద్ద ఆర్భాటమేమీ లేదు, ఓపిక ఒక్కటే. మడ్డి కొంత దిగింది, పైన నీళ్ళు తేలాయి. కానీ రేణువు మీద రేణువు ఆని తన పైవాటి బరువును తానే మోసే స్థితి దాదాపు రానే లేదు. మూడు దశాబ్దాల తర్వాత కూడా అది మట్టి కాలేదు. కాస్త చిక్కబడ్డ మడ్డిగానే ఉంది.

ఇక ఈల్డ్ స్ట్రెస్ అనే భావన. దీనికి మూలపురుషుడు యూజీన్ బింగమ్. 1916లో అమెరికాలో చైనా మట్టి కలిపిన నీళ్ళను సన్నటి గొట్టాల్లో పారిస్తూ, కొంత ఒత్తిడి దాకా కదలదని, దాటాక ఒత్తిడికి తగ్గట్టు పారుతుందని సూత్రం కట్టాడు. చైనా మట్టి అంటే కయొలినైటే. అంటే ఈ శాస్త్రం పుట్టిందే మన బకెట్‌లో ఉన్న మట్టి లాంటిదాని మీద. పదార్థాలు ఎలా పారతాయో చెప్పే శాస్త్రానికి 'రియాలజీ' అన్న మాట కూడా ఆయన చేతుల మీదుగానే వాడుకలోకి వచ్చింది.

1985లో హొవార్డ్ బార్న్స్, కెన్ వాల్టర్స్ అనే ఇద్దరు ఒక వ్యాసంతో ఈ రంగంలో చిచ్చు పెట్టారు. అసలు ఈల్డ్ స్ట్రెస్ అనేదే లేదు, మీ పరికరం తగినంత మెల్లగా కొలవలేకపోవడం వల్ల అలా కనిపిస్తోంది, ఓపిక పడితే అన్నీ పారతాయి అన్నది వాళ్ళ వాదన. దాని మీద ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. ఇంజనీర్లు చాలామంది చేతులు దులుపుకున్నారు: సిద్ధాంతంలో ఉన్నా లేకపోయినా నా పంపుకు అంకె కావాలి, అంతే. నేనూ మొదట్లో అదే పక్షం. ప్రొఫెసర్లకి పనిలేక వెంట్రుకలు చీలుస్తున్నారనుకున్నాను.

ఇప్పుడలా అనుకోను. పంపుకు కాలం సెకన్లలో ఉంటుంది. అక్కడ బింగమ్ గీత చక్కగా పని చేస్తుంది. కానీ చెరువుకు కాలం శతాబ్దాల్లో ఉంటుంది. ఇజ్రాయెల్‌లో పని చేసిన మార్కస్ రైనర్ 1964లో దీనికొక చక్కటి కొలత ఇచ్చాడు: పదార్థం సర్దుకోవడానికి పట్టే కాలాన్ని మనం గమనించే కాలంతో భాగించు. బైబిల్లో డెబోరా పాడిన పాటలో దేవుని ముందు కొండలు ప్రవహించాయన్న మాట ఉందని, మనిషి ముందు ప్రవహించకపోయినా దేవునికున్న సమయంలో ప్రవహిస్తాయని చెప్పి, దానికి డెబోరా సంఖ్య అని పేరు పెట్టాడు. ఇదే మడ్డి కంపెనీ సంవత్సర నివేదికలో నిలిచినట్టే ఉంటుంది. గట్టును నమ్ముకుని నది దిగువన ఉండేవాళ్ళ మనవల కాలంలో అలా ఉండకపోవచ్చు. బార్న్స్, వాల్టర్స్ వాదన ల్యాబులో వెంట్రుక చీల్చడమే కావచ్చు. చెరువు గట్టు మీద మాత్రం అసలు ప్రశ్న అదే.

పారేటప్పుడు మడ్డి చేసే ఇంకో చిత్రం చెప్పాలి, ఎందుకంటే కోట్ల డాలర్లు దాని పాలయ్యాయి. అర మిల్లీమీటరులో సగానికన్నా చిన్న ఇసుక రేణువును ఈ మడ్డిలో వేస్తే మునగదు. లెక్క వేసుకోండి: 0.2 మిల్లీమీటర్ల రేణువును నిలబెట్టడానికి పాస్కల్‌లో నాలుగో వంతు ఈల్డ్ స్ట్రెస్ సరిపోతుంది. మన మడ్డికి అంతకు ఎన్నో రెట్లుంది. కాబట్టి ఇసుకను మడ్డిలో కలిపితే ఆ బరువుకు నీళ్ళు త్వరగా బయటికి వస్తాయి కదా అన్న ఆలోచన 1990ల్లో వచ్చింది. నాలుగు పాళ్ళు ఇసుక, ఒక పాలు సన్న మట్టి, అంటుకోవడానికి కాస్త జిప్సమ్. జిప్సమ్‌లోని కాల్షియం రేకుల్ని దగ్గరికి లాగుతుంది. బీకరులో అద్భుతంగా ఉంటుంది. వారం తర్వాత చూసినా ఇసుక పైనుంచి కిందిదాకా సమంగా ఉంటుంది.

అదే మిశ్రమాన్ని గొట్టంలో పంపి చెరువు ఒడ్డున వదిలితే ఇసుక ఒక దారి, మట్టి ఒక దారి పట్టడం తరచూ జరిగింది. బీకరులో ఇసుకను మోసింది కదలని పేకమేడ. గొట్టంలో, ఒడ్డు మీద వాలులో, మేడ కూలి ఉంటుంది. కూలిన చోట రేణువుకు అది మామూలు చిక్కటి ద్రవమే, హాయిగా మునుగుతుంది. నిశ్చలంగా ఉన్నప్పుడు మోయగలిగేది కదులుతున్నప్పుడు మోయలేదు. పదార్థం ఒకటే, రేణువు ఒకటే. తేడా కదలికలో ఉంది. ఒక్క గడిలో ఒక్క అంకె రాస్తే ఈ తేడా ఎక్కడ కనిపిస్తుంది?

ఒడ్డు మీద పరుచుకోవడంలో కూడా ఇంతే. వాలు మీద పారే మడ్డి ఎంత మందంలో ఆగుతుందన్నది సులువైన లెక్క: ఈల్డ్ స్ట్రెస్‌ను సాంద్రతతో, గురుత్వంతో, వాలుతో భాగించడమే. 10 పాస్కల్స్ మడ్డి నూటికి ఒకటి వాలులో ఎనిమిది సెంటీమీటర్ల మందంలో ఆగుతుంది. 100 పాస్కల్స్ అయితే ఎనభై. పలచగా పరిచి ఎండబెట్టడానికి మొదటిది బాగుంటుంది, రెండోది పైన తోలు కట్టి లోపల అలాగే ఉండిపోతుంది. ఏ పాస్కల్ అని మాత్రం నన్ను మళ్ళీ అడగకండి.

2010 నుంచి పెద్ద ఎత్తున వచ్చింది పాలిమర్. పొడుగాటి అణువుల పాలీఅక్రిలమైడ్‌ను గొట్టంలోనే మడ్డిలోకి ఎక్కిస్తారు. అణువు ఒక కొస ఒక రేకును, ఇంకో కొస ఇంకో రేకును పట్టుకుంటుంది, రేకులన్నీ ముద్దలవుతాయి, ముద్దల మధ్య దారులు పెద్దవై నీళ్ళు కారిపోతాయి. చూస్తే ఇంద్రజాలమే. బూడిద రంగు పులుసు కళ్ళముందే విరిగి, గడ్డలూ తేట నీళ్ళూ అవుతుంది.

ఇక్కడే మా టెక్నీషియన్ గొప్పతనం తెలిసింది. మిక్సర్ తిరుగుతుంటే బలం ముందు పెరుగుతుంది, ఒక శిఖరం చేరుతుంది, ఇంకా తిప్పితే పడిపోతుంది. శిఖరం దాటిన కాసేపట్లోనే ఆపాలి. నీళ్ళు బాగా వదిలే స్థితి అదే. ఇంకొన్ని సెకన్లు తిప్పితే ముద్దలు తెగి మళ్ళీ పులుసవుతుంది, ఈసారి ఎంతసేపు కదపకుండా ఉంచినా మేడ సరిగా లేవదు, నీళ్ళు వదలవు. పాలిమర్ తెగాక తెగినట్టే. నేను తెర మీద టార్క్ గీత, అంటే తిప్పడానికి ఎంత బలం పడుతోందో చూపే గీత, చూసి ఆపేవాణ్ణి, ఎప్పుడూ ఆలస్యమే. ఆయన తెర వైపు చూసేవాడు కాదు. మోటారు చప్పుడు వినేవాడు. చప్పుడు బరువెక్కి, కాస్త తేలికపడగానే "ఆపు" అనేవాడు. ఆయన పోసిన బీకర్లలో నీళ్ళు నా వాటికన్నా ఎప్పుడూ ఎక్కువే వచ్చేవి.

గనిలో ఈ పని చేసేది గొట్టం. గొట్టం పొడవే మిక్సింగ్ కాలం. ఒక మోచేతి వంపు ఎక్కువైనా, ప్రవాహం కాస్త వేగమైనా శిఖరం దాటిపోతుంది. మడ్డిలో బంకమట్టి కాస్త పెరిగితే పాలిమర్ చాలదు. ఒకే నీటిని ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వాడతారు కాబట్టి అందులో ఉప్పులు పేరుకుంటాయి, రేకుల ప్రవర్తన దాన్నిబట్టి కూడా మారుతుంది. గొట్టం ఒక చివర కొలిచిన అంకెకు రెండో చివర విలువ ఉండకపోవచ్చు. మడ్డి గురించి తెలుసుకోవాలంటే అది ఎంత గట్టిగా ఉందని అడిగితే చాలదు. దాన్ని ఏం చేశారు, ఎంతసేపు చేశారు, తర్వాత ఎంతసేపు వదిలేశారు అని అడగాలి. మనిషి జాతకం లాగ మడ్డికి కూడా పుట్టుక నుంచి రాయాలి.

ఇప్పుడు ప్రభుత్వం దగ్గరికి వద్దాం. 2009 ఫిబ్రవరిలో అప్పటి ఆల్బర్టా ఇంధన నియంత్రణ మండలి డైరెక్టివ్ 074 అనే నిబంధన తెచ్చింది. ఒక ఏడాదిలో పోసిన మడ్డి 5 కిలోపాస్కల్స్ బలం చూపించాలి, పోయడం ఆపిన అయిదేళ్ళకు 10 కిలోపాస్కల్స్‌తో దాని మీద నడవగలిగేట్టు ఉండాలి. నలభై ఏళ్ళు ఎవరూ ఏమీ అడగని చోట మొదటిసారి అడిగారు. అందుకు మెచ్చుకోవాలి. కానీ 5 కిలోపాస్కల్స్ అంటే ఏమిటి? మెత్తటి బంకమట్టి తన బలానికి సుమారు అయిదు రెట్ల ఒత్తిడి మోస్తుందని ఒక పాత లెక్క. అంటే 25 కిలోపాస్కల్స్. డెబ్బై కిలోల మనిషి రెండు పాదాల మీద నిలబడితే నేల మీద పడేది 17. నిలబడగలడు. అడుగు వెయ్యడానికి ఒక కాలు ఎత్తగానే 34 అవుతుంది. దిగబడతాడు. మన భాషలో దీనికి రొంపి అని ఎప్పుడో పేరుంది.

అంకె చిన్నదన్నది నా ప్రధాన అభ్యంతరం కాదు. ఆ 5 కిలోపాస్కల్స్ కదపకముందు కొలిచినదా, కదిపాక కొలిచినదా? పాలిమర్ ముద్దలతో గట్టిపడ్డ మడ్డి మొదటిసారి వేన్ తిప్పినప్పుడు బాగానే ఎదిరిస్తుంది. అక్కడే నాలుగు చుట్లు తిప్పి మళ్ళీ కొలిస్తే అందులో కొంత భాగమే మిగులుతుంది. రెండింటి నిష్పత్తిని మట్టి ఇంజనీర్లు సున్నితత్వం అంటారు. మంచు కరిగి, యంత్రం ఎక్కి, గట్టు కదిలి ఆ మేడ ఒక్కసారి కూలితే మిగిలేది రెండో అంకె. దాన్ని కూడా గడిలో వెయ్యమని నిబంధన అడిగి ఉంటే బాగుండేది.

తర్వాతి కథ తెలిసిందే. కంపెనీలు లక్ష్యం చేరలేదని 2013లో మండలే ఒప్పుకుంది. ఎవరికీ శిక్ష పడలేదు. 2015లో డైరెక్టివ్ 074ను పక్కన పెట్టి కొత్త విధానం తెచ్చారు, మరుసటి ఏడాది దానికి తగ్గట్టు డైరెక్టివ్ 085 వచ్చింది. ఇప్పుడు బలం మాట వెనక్కి పోయి, మొత్తం ఎన్ని ఘనపు మీటర్లు అన్నది ముందుకొచ్చింది. గని మూతపడ్డ పదేళ్ళలో మడ్డి అంతా 'పునరుద్ధరణకు సిద్ధం' కావాలి. సిద్ధమంటే ఏమిటో ఒక్కో చెరువుకు ఒక్కో కంపెనీ ప్రతిపాదిస్తుంది, నియంత్రణ సంస్థ ఆమోదిస్తుంది. ఒకే గజంబద్దతో అందరినీ కొలవడం మూర్ఖత్వం అన్నది నిజమే, ఈ మడ్డి విషయంలో మరీ నిజం. దానికి విరుగుడు ఎవరి గజంబద్ద వాళ్ళే చెక్కుకోవడం అని మాత్రం నేను అనను. ఈలోగా ద్రవ మడ్డి నూరు కోట్ల ఘనపు మీటర్లు దాటింది.

2010లో సన్‌కోర్ తన మొదటి చెరువును పూడ్చి, గడ్డీ చెట్లూ నాటి వాపిసివ్ లుకౌట్ అని పేరు పెట్టింది. ఫోటోలు బాగుంటాయి. ఆ నేల ఇప్పుడు నిజంగానే గట్టిది. నేను కాదనను. కానీ అక్కడున్న సన్న మడ్డి గట్టిపడలేదు. దాన్ని తోడి ఇంకో చెరువుకు పంపి, ఖాళీ అయిన చోట ఇసుక నింపారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఇక్కడ కాలు కడిగిన నీళ్ళు పక్కవాడి వాకిట్లో పోసి కాలు శుభ్రంగా ఉందని చూపించినట్టుంది. ఈ మాట కొంచెం కటువే. మొదటి చెరువు వాళ్ళకే తెలియని కాలంలో కట్టినది, దాన్ని అలా వదిలెయ్యడం కన్నా ఇది నయమే. అయినా మడ్డి సమస్య తీరినదానికి ఉదాహరణగా ఆ ఫోటో చూపించినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

2008 ఏప్రిల్‌లో సింక్రూడ్ అరోరా చెరువు మీద బాతుల గుంపు వాలింది. 1,606 చచ్చిపోయాయి. చుట్టూ ఇంకా మంచు గడ్డకట్టి ఉండగా కరిగిన నీళ్ళు కనిపించిన చోటు అదే. బాతు కంటికది మామూలు చెరువు. కంపెనీకి 30 లక్షల డాలర్ల జరిమానా పడింది.

నాతో పని చేసిన ఒక ఇంజనీరు ఇవన్నీ విని, "నువ్వు చెప్పేది నిజమే, కానీ పంపు కొనేవాడికి పదహారు పేజీల జాతకం ఇస్తే వాడేం చేస్తాడు? వాడికి ఒక అంకె కావాలి" అన్నాడు. ఒప్పుకుంటాను. పంపుకు ఒకటి చాలు. డేవిడ్ బోగర్, ఆస్ట్రేలియాలో వేన్ పద్ధతిని ఈ పనికి తెచ్చినవారిలో ఒకరు, ఆయన బృందం 1996లో ఇంకా చవకదారి చూపించింది. కాంక్రీటువాళ్ళ స్లంప్ పరీక్షలాగే రెండు పక్కలా తెరిచిన ఒక గొట్టం ముక్కలో మడ్డి నింపి, పైకి లాగి, ఎంత కూలిందో స్కేలుతో చూస్తే ఈల్డ్ స్ట్రెస్ వచ్చేస్తుంది. పనివాడి జేబులో పట్టే పరికరం. ఇది ఖర్చు గురించిన గొడవ కాదని అందుకే అంటున్నాను. పోసిన వెంటనే ఒకసారి, గంటకు ఒకసారి, కదిపాక ఒకసారి, చలికాలం దాటాక ఒకసారి. నాలుగు గడులు. ఆల్బర్టాలో చలికాలం ప్రత్యేకంగా అడగాలి, ఎందుకంటే పలచగా పరిచిన మడ్డి గడ్డకట్టినప్పుడు మంచు పొరలు మట్టిని పిండి పలుకులు పలుకులుగా చేస్తాయి, వసంతంలో కరిగితే నీళ్ళు దారి చూసుకుని పోతాయి. ఏ పాలిమర్ కన్నా చవక. ఆ సహాయం ఒకటి రెండు మీటర్లు దాటి లోపలికి దిగదు. నలభై మీటర్ల అడుగున ఉన్నదానికి ఏ చలికాలమూ తెలియదు.

ఆ రోజు మేము మధ్య అంకె వేశాం. "ఎవరూ ప్రశ్నించరు" అన్నాడు టెక్నీషియన్. ఎవరూ ప్రశ్నించలేదు.

చివరిగా ఒక సరస్సు. సింక్రూడ్ తవ్వేసిన ఒక గని గోతిలో నలభై మీటర్లకు పైగా మడ్డి నింపి, దాని మీద కొన్ని మీటర్ల నీళ్ళు కప్పి, 2012 ఆఖరుకల్లా బేస్ మైన్ లేక్ అని పేరు పెట్టింది. ఎండబెట్టడం, పాలిమర్ ఏవీ లేవు. నీళ్ళ కింద దాచి, అది తన దారిన తాను దిగుతుందని ఎదురుచూడడం. మడ్డి దిగుతోంది కూడా. పిండుకుపోయిన నీళ్ళు పైకి చేరి సరస్సు లోతవుతోంది. మడ్డిలోని సూక్ష్మజీవులు మీథేన్ బుడగలు వదులుతున్నాయి, ఆ బుడగలు పైకి వస్తూ మడ్డిని కదుపుతాయి. గాలికి అలలు లేస్తే అడుగున సన్న మట్టి రేగి నీళ్ళు మురికవుతాయి. 2016లో పటిక చల్లి తేర్చారు.

ఇక్కడ 5 కిలోపాస్కల్స్ మాట ఎవరూ ఎత్తరు. ఎత్తి లాభం లేదు. ఈ సరస్సు తేటగా ఉంటుందా లేదా అన్నది తేల్చేది మడ్డికీ నీళ్ళకూ మధ్యనున్న పై పొర. అక్కడ ఈల్డ్ స్ట్రెస్ పాస్కల్‌లో చిన్న భిన్నం. ఒక అల పెట్టే ఒత్తిడితో దాన్ని పోల్చాలి. ఇరవై మీటర్ల కిందికి పోతే అంకె వేరు, అడుగున ఇంకా వేరు. నిన్న బుడగ లేచిన చోట ఒకటి, పదేళ్ళుగా ఏదీ కదపని చోట మరొకటి. నాకు అవకాశమిస్తే పడవలో పోయి, ఒక్కో మీటరు చొప్పున వేన్ దించి, తిప్పి, గంట ఆగి మళ్ళీ తిప్పి, ఏటేటా అదే చోటికి వెళ్ళి రాసుకుంటాను. ఆ పట్టిక ఒక పేజీలో పట్టదు. పట్టించమని అడిగేవాడికి మాత్రం ఈసారి మధ్య అంకె ఇవ్వను.